నాలుగేళ్ళ బాబుకి నాలుగు పేజీల హోంవర్కు

ప్రశ్న: మేడం గారూ, మా బాబుకి నాలుగేళ్ళ రెండు నెలలు. ఈ జూన్‌లో ఎల్‌కేజీలో వేశాం. రోజూ ఇంగ్లీషు కాపీలో ఒక పేజీ, తెలుగు ఒక పేజీ, అంకెలు రెండు పేజీలు హోంవర్కు ఇస్తున్నారు. బాబు పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుంటాడు. రెండు లైన్లు రాసేసరికి చెయ్యి నొప్పి అని ఏడుపు. ‘అ’ రాయమంటే సున్నాలు చుడతాడు. ఒక్కోసారి ఎడం చేత్తో రాయబోతే మా అత్తగారు పెన్సిల్ లాక్కుని కుడి చేతిలో పెడతారు. మా ఆడపడుచు కూతురిది ఇదే వయసు, ‘అ’ నుంచి ‘అః’ వరకు చకచకా రాసేస్తుంది. పోయిన వారం డైరీలో ‘రైటింగ్ చాలా వీక్, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి’ అని రాసి పంపారు. ఆ రాత్రి కోపం ఆపుకోలేక స్కేలుతో చేతి మీద కొట్టాను. నిద్రలో కూడా వెక్కిళ్ళు పెట్టాడు. ఇప్పుడు పుస్తకాల సంచి తీస్తే చాలు, మంచం కింద దూరుతున్నాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ముందు జవాబు చెప్పాల్సిన మాట చివర్లో ఉంది. బాబు మంచం కింద దూరుతున్నాడన్న మాట. రైటింగ్ సంగతి తర్వాత చూద్దాం, అది వస్తుంది. ముందు ఆ సంచి అంటే పట్టుకున్న భయం పోవాలి. ఈ రాత్రికి హోంవర్కు తీయకండి. బాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, “మొన్న అమ్మ కొట్టింది కదా, అది అమ్మ తప్పు. ఇంక కొట్టను” అని చెప్పండి. నాలుగేళ్ళ పిల్లలకు ఈ మాట బాగా అర్థమవుతుంది, బాగా గుర్తుంటుంది కూడా. ఆ మాట మీద నిలబడండి. మీరు మాత్రం అదే తలుచుకుని కుమిలిపోవద్దు. డైరీలో అలాంటి వాక్యం ఒకటి వస్తే ఏ తల్లికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. నేను ముప్పై ఏళ్ళకు పైగా చిన్నపిల్లల బడుల్లో పనిచేశాను. అలాంటి వాక్యాలు మొదట్లో నేనూ రాశాను. అవి ఇళ్ళలో ఏం చేస్తాయో తల్లులు వచ్చి చెప్పుకుని ఏడిచాక గానీ నాకు తెలియలేదు.

ఇక అసలు విషయం. మీ బాబు వెనకబడలేదు. ఓదార్పు కోసం అంటున్న మాట కాదు ఇది, ఎందుకో చెబుతాను.

మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. ఎక్స్‌రేలో కనబడవు. తర్వాత ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి. నాలుగేళ్ళ పిల్లల చేతికి ఎక్స్‌రే తీస్తే మామూలుగా ఆ ఎనిమిదింట్లో మూడో నాలుగో కనబడతాయి. చివరిది కనబడేసరికి ఎనిమిదేళ్ళు దాటుతుంది. ఈ విషయంలో ఆడపిల్లలు మగపిల్లల కంటే ముందుంటారు. మీ ఆడపడుచు కూతుర్ని, మీ బాబుని పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఎముకలొక్కటే కాదు. భుజం నిలకడగా ఉంటేనే మోచెయ్యి నిలుస్తుంది, మోచెయ్యి నిలిస్తే మణికట్టు, మణికట్టు నిలిస్తే వేళ్ళు. పిల్లల్లో ఈ బలం పైనుంచి కిందికి వస్తుంది, వేళ్ళదాకా వచ్చేది చివర్లోనే. పిడికిలితో పెన్సిల్ పట్టే పిల్లవాడు వేళ్ళతో రాయడు, భుజం నుంచి చెయ్యంతా కదిపి రాస్తాడు. అలా నాలుగు పేజీలు రాయమంటే మనల్ని రోకలి పట్టుకుని ముగ్గు వెయ్యమన్నట్టే. చెయ్యి నొప్పి అని ఏడిస్తే సాకు అనుకుంటాం. చాలాసార్లు అది నిజం నొప్పి.

పెన్సిల్ పట్టుకోవడం కూడా మెట్లుమెట్లుగా వస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్ళప్పుడు పిడికిలి. మూడేళ్ళ ప్రాంతంలో వేళ్ళన్నీ కిందికి పెట్టి, చపాతీ కర్ర పట్టుకున్నట్టు పట్టుకుంటారు. నాలుగు దగ్గర పడేసరికి మూడు వేళ్ళ పట్టు మొదలవుతుంది, కానీ అప్పటికి వేళ్ళు కదలవు, చెయ్యే కదులుతుంది. వేళ్ళే కదులుతూ రాయడం చాలామందికి ఐదు, ఆరేళ్ళ మధ్యలో వస్తుంది. మీ బాబు ఇంకా పిడికిలి దగ్గరున్నాడు కాబట్టి చేతికి పని కాస్త ఎక్కువ కావాలి. ఆ పని మాత్రం నాలుగు గీతల కాపీలో దొరకదు.

‘అ’ రాయమంటే సున్నాలు చుడుతున్నాడని మీరు దిగులుగా రాశారు. నాకైతే అది మంచి వార్త. పిల్లలకు గీతలు ఒక వరసలో వస్తాయి. ముందు నిలువు గీత, అడ్డగీత. మూడేళ్ళ ప్రాంతంలో చూసి సున్నా చుట్టగలుగుతారు. నాలుగు దగ్గర కూడిక గుర్తు. నాలుగున్నరకి నలుపలకల పెట్టె. ఏటవాలు గీతలు ఆ తర్వాత. త్రిభుజం ఐదు దాటాక. ఇప్పుడు మనం బడిలో మొదటిరోజు ఏం రాయిస్తున్నామో చూడండి. ఇంగ్లీషులో ‘ఎ’. క్యాపిటల్ అక్షరమైతే అది రెండు ఏటవాలు గీతలు, మధ్యలో ఒక అడ్డగీత, అంటే ఇంచుమించు త్రిభుజమే. తెలుగులో ‘అ’. మధ్యలో మెలిక తిరిగి, చెయ్యి దిక్కు మార్చుకోవాల్సిన అక్షరం. తర్వాత ‘ఇ’, ‘ఈ’. ‘ఈ’ని పెద్దవాళ్ళం మనమే ఒకసారి మెల్లగా రాసి చూసుకుంటే ఎన్ని మలుపులున్నాయో తెలుస్తుంది. వర్ణమాల వరస నోటితో పాడుకోవడానికి చక్కగా ఉంటుంది. చేతికి ఆ వరస కష్టం. రెండూ వేరు వేరు పనులు. పాట అలాగే పాడించండి, రాత మాత్రం తేలిక ఆకారం నుంచి మొదలుపెట్టండి.

సున్నా చుట్టగలిగే చేతికి మన తెలుగులో బోలెడు దారి ఉంది. తాటాకు మీద ఘంటంతో రాసేటప్పుడు తిన్నటి అడ్డగీతలకి ఆకు చీలిపోతుందని మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని చెబుతారు. ఆ గుండ్రదనమే ఇప్పుడు మీ బాబుకి అక్కరకొస్తుంది. సున్నా మీద తలకట్టు పెడితే ‘ర’. ‘ర’ మధ్యలో చుక్క పెడితే ‘ఠ’. ‘గ’, ‘ద’, ‘న’ కూడా ఇలాంటి చిన్న వంపులే. ‘వ’ వచ్చాక దాని పక్కన కొమ్ములాంటి తోక తగిలిస్తే ‘మ’. నాలుగు అక్షరాలు వచ్చేసరికి ‘గద’, ‘నగ’ అయిపోతాయి. పక్కన సున్న పెట్టడం వస్తే ‘గంగ’. రోజుల తరబడి ‘అ ఆ ఇ ఈ’ దిద్దినా ఒక్క మాట రాని పిల్లవాడికి, తను గీసినది ‘గంగ’ అని నాన్నమ్మ పైకి చదివితే ఆ ముఖం చూడాలి మీరు. ఇంగ్లీషు బడి తప్పనిసరిగా అడిగితే నిలువు, అడ్డం గీతలతో అయ్యే ‘ఎల్’, ‘టి’, ‘ఐ’, ‘హెచ్’ ముందు పెట్టండి.

కానీ ఇవన్నీ ఇప్పుడే కాదు. ఓ నెలరోజులు పెన్సిల్‌ని దూరంగా పెట్టండి. ఆ నెల చేతి పని.

ఖర్చు పెట్టి కొనాల్సినవి ఏమీ లేవు, మీ వంటింట్లోనే అన్నీ ఉన్నాయి. చిక్కుడుకాయలు తెస్తారు కదా. అత్తగారి పక్కన బాబుకి కూడా ఒక చిన్న పళ్ళెం ఇచ్చి కూర్చోబెట్టండి. కాయ కొస విరవాలి. విరిచిన కొసని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, రెండో చేత్తో కాయని కదలకుండా పట్టుకుని, ఈనె తెగకుండా మెల్లగా కిందిదాకా లాగాలి. గట్టిగా లాగితే తెగుతుంది, వదులుగా పట్టుకుంటే జారుతుంది. పెన్సిల్‌కి కావలసిన పట్టు సరిగ్గా ఇదే. రెండు వేళ్ళు బిగించి, మూడో వేలు కింద ఆనించి, ఎంత బలం పెట్టాలో అంతే పెట్టడం. రెండో చెయ్యి కాగితాన్ని కదలకుండా పట్టుకునే అలవాటు కూడా అందులోనే వస్తుంది. మొదటిరోజు పది కాయలు ముక్కలు ముక్కలు చేస్తాడు. చెయ్యనివ్వండి. నాలుగో రోజుకి ఈనె మొత్తం ఊడొస్తే, దాన్ని పైకెత్తి ఇల్లంతా తిప్పి చూపిస్తాడు. ఇలా ఒక్కొక్క కాయతో నేర్చుకున్న పిల్లల్ని ఎంతోమందిని చూశాను.

అలాగే పచ్చిబఠాణీలు వొలిచించండి, వేరుశెనక్కాయలు వొలిచించండి, వెల్లుల్లి రెబ్బలు విడదీయించండి. చపాతీ పిండి ముద్ద ఇస్తే పాములు, లడ్డూలు చేస్తాడు. ఆరేసిన బట్టలకి క్లిప్పులు పెట్టించండి. స్నానం దగ్గర స్పాంజితో ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్ళు పిండనివ్వండి. చొక్కా గుండీలు తనే పెట్టుకోవాలి, ఆలస్యమైనా సరే. ఉదయం బడి హడావిడిలో వీలుకాదు, సాయంత్రం ఇంట్లో వేసుకునే చొక్కాతో మొదలుపెట్టండి. అన్నం తన చేత్తో తను కలుపుకుని తినాలి. ఈ చివరిది చాలా ఇళ్ళలో జరగడం లేదు. టీవీ ముందు కూర్చోబెట్టి ఐదేళ్ళదాకా ముద్దలు పెడుతున్నాం. వేళ్ళకి రోజుకి మూడుపూటలా దొరికే పనిని మనమే తీసేసి, ఆ వేళ్ళకే పెన్సిల్ ఇచ్చి గట్టిగా పట్టుకోమంటున్నాం.

చింతగింజలతో వామనగుంటలు ఆడితే ఒక్కొక్క గింజ గుంటలో వదలడం వల్ల వేళ్ళకి మంచి నేర్పు వస్తుంది. కాకపోతే గింజలు, పూసలు ఇచ్చినప్పుడు పక్కన పెద్దవాళ్ళుండాలి. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే అసలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

భుజానికి పని కావాలంటే బయట ఆడుకోనివ్వాలి. ఎక్కడం, వేలాడటం, ఇసుకలో చేతులు పెట్టి తవ్వడం. రోజూ ఒక గంట మట్టిలో ఆడిన పిల్లల రాత ఆరేళ్ళకి ఎలా ఉంటుందో, గంటసేపు కాపీ నింపిన పిల్లల రాత ఎలా ఉంటుందో రెండూ చూశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

బాబుకి అక్షరాభ్యాసం బాసరలోనో ఇంట్లోనో చేయించే ఉంటారు. పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని ‘ఓం నమః శివాయ’ రాయిస్తారు. ఆ ఒక్కరోజు ఫోటోలు తీసుకుని పళ్ళెం లోపల పెట్టేస్తాం. మర్నాటి నుంచి పెన్సిల్, నాలుగు గీతలు. నిజానికి ఆ పళ్ళెమే ఇంకో రెండేళ్ళు బయట ఉండాలి. మారియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో పేదపిల్లల కోసం బడి పెట్టినప్పుడు, గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల్ని పిల్లల వేళ్ళతో తడిమించేవారు. అక్షరం ముందు వేలికి తెలిస్తే ఆ తర్వాత చేతికి తేలికవుతుందని ఆవిడ గమనించారు. 1939లో మద్రాసు అడయార్‌కి వచ్చి మన టీచర్లకు కూడా శిక్షణ ఇచ్చారు. మన వీధిబడుల్లో ఇసుకలో దిద్దించినదీ ఇలాంటిదే. బియ్యం రోజూ ఎందుకనిపిస్తే బొంబాయి రవ్వ పొయ్యండి, జల్లించిన ఇసుకైనా సరే. వేలితో రాస్తాడు, తప్పు పోతే పళ్ళెం ఊపితే చెరిగిపోతుంది. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిరిగే బాధ, దానికి తిట్లు తినే బాధ అక్కడ లేవు. ఒకటే జాగ్రత్త, వేలు నలిగేలా గట్టిగా పట్టుకుని దిద్దించకండి. మీరు పక్కన రాసి చూపించండి, తను తనంతట రాయాలి.

పలక కూడా తీసి బయట పెట్టండి. గోడకి, బాబు కళ్ళ ఎత్తులో మేకుకి తగిలించండి. నిలబడి రాసినప్పుడు మణికట్టు వెనక్కి వంగి సరైన వాటంలోకి వస్తుంది, భుజం కూడా పనిచేస్తుంది. బలపం పొడుగుది వద్దు, విరిగిన చిన్న ముక్క ఇవ్వండి. అంగుళం ముక్కని పిడికిలితో పట్టుకోవడం కుదరదు, వేళ్ళతోనే పట్టుకోవాలి. క్రేయాన్లు కూడా అంతే, విరిగినవి పారెయ్యకండి. “ఇలా పట్టుకో, అలా పట్టుకో” అని రోజంతా చెప్పే పని ఈ చిన్న ముక్క చేసేస్తుంది. అన్నట్టు, బాబు బలపం తింటాడేమో గమనించండి. ఎప్పుడో ఒకసారి కొరికితే ఫర్వాలేదు. అదే పనిగా తింటుంటే రక్తం తక్కువుందేమో డాక్టరుకి చూపించాలి. ఐరన్ లోపం ఉన్న పిల్లల్లో ఈ అలవాటు కనబడుతుంది, వాళ్ళు త్వరగా అలసిపోతారు కూడా.

మధ్యాహ్నం ఎండలో చిన్న గిన్నెలో నీళ్ళు, ఒక పెయింటు బ్రష్ ఇచ్చి గచ్చు మీద వదిలెయ్యండి. పెద్దపెద్ద సున్నాలు చుడతాడు, ఆరిపోతాయి, మళ్ళీ చుడతాడు. మీ అత్తగారు పొద్దున్నే ముగ్గు వేస్తుంటే పక్కన రెండు చుక్కలు పెట్టనివ్వండి. చుక్క నుంచి చుక్కకి చూపు ముందు వెళ్ళి, చెయ్యి వెనకాల వెళ్ళడం ముగ్గులో ఎంత బాగా వస్తుందో మరి దేనిలోనూ రాదు. మగపిల్లవాడికి ముగ్గేమిటని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ఇదంతా చేతి సంగతి. దీంతో సమానమైనది ఇంకొకటి ఉంది. నా మనసుకి ఇదే ఎక్కువ దగ్గర.

చాలా ఏళ్ళ కిందట నా తరగతిలో ఒక పాప ఉండేది. నాలుగేళ్ళుంటాయి. ఒక్క అక్షరం రాయదు. పలక నిండా అడ్డదిడ్డంగా అలల్లాంటి గీతలు గీస్తుంది. నేను చెరిపేసి ‘అ’ రాసి ఇస్తే పలక పక్కన పెట్టేస్తుంది. ఒకరోజు ఎందుకో చెరపకుండా, “ఇదేంటమ్మా?” అని అడిగాను. వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి నడుపుతూ, “పాలు... బిస్కెట్లు... సబ్బు... నాన్న సాయంత్రం తొందరగా రావాలి” అని చదివింది. నేను పలక తీసుకుని తిప్పి చూశాను. గీతలు నాలుగు వరసలున్నాయి. ఒక్కో వరసకి ఒక్కో సంగతి. నాలుగో వరస మాత్రం పొడుగ్గా ఉంది. నాన్న గురించి చెప్పింది పెద్ద మాట కదా. రాత ఎడమ నుంచి కుడికి వెళుతుందని, పెద్ద మాటకి పెద్ద గీత కావాలని, రాసినది మళ్ళీ చదవచ్చని, లేని మనిషికి కబురు చెప్పచ్చని అప్పటికే ఆ పాపకి తెలుసు. ఇన్ని తెలిసిన పిల్ల పలకని నేను ఎన్నిసార్లు చెరిపేశానో. ఆ రోజు నుంచి ఏ పిల్లల గీతలనీ అడక్కుండా చెరపలేదు.

మీ బాబు గీసే సున్నాలు కూడా ఒకసారి అడిగి చూడండి. ఏదో ఒకటి చెబుతాడు. చెప్పినది ఆ కాగితం కిందే మీరు మీ అక్షరాలతో రాయండి, తన కళ్ళ ముందే, మెల్లగా పలుకుతూ. “ఇది... బస్సు... బస్సులో... తాతయ్య.” తన నోటి మాట కాగితం మీద ఎలా కూర్చుంటుందో చూస్తాడు. మర్నాడు అదే కాగితం చదివితే మళ్ళీ అదే మాట వస్తుంది. రాత ఎందుకో పిల్లలకి అర్థమయ్యేది ఇలాగే. పేజీ నిండా ముప్పైసార్లు ‘అ’ రాస్తే ఆ ‘అ’ ఎవరికి, ఎందుకు అన్నది తెలియదు.

కాబట్టి ఇంట్లో రాతకి పనులు కల్పించండి. మీ వారు సరుకులకి వెళ్ళేముందు చీటీ మీరు రాస్తుంటే బాబుకి కూడా ఒక కాగితం ముక్క ఇచ్చి, “నీ చీటీ నువ్వు రాయి, నాన్నకిద్దాం” అనండి. మీ వారు ఆ చీటీని జేబులో పెట్టుకుని వెళ్ళి, అందులో ఉన్నది ఒక్కటైనా తేవాలి. ఇది మర్చిపోవద్దని ఆయనకు గట్టిగా చెప్పండి. అమ్మమ్మ ఊరికి ఉత్తరం, ఫ్రిజ్ మీద అతికించే బొమ్మ, తన డబ్బా మీద తన పేరు. పేరులో మొదటి అక్షరాన్ని పిల్లలు అన్నిటికంటే త్వరగా గుర్తుపడతారు, ప్రేమగా రాస్తారు కూడా. ‘ర, గ, ద, న’ల పక్కనే ఆ అక్షరం కూడా పెట్టండి, కష్టమైనదైనా సరే.

ఫోన్‌లో వేలితో దిద్దించే యాప్‌ల గురించి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు చెబుతారు. చుక్కలు కలిపే వర్క్‌బుక్కులు కూడా అలాంటివే. 2012లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో, ఇంకా చదవడం రాని ఐదేళ్ళ పిల్లలతో కొన్ని అక్షరాలు చూసి సొంతంగా రాయించారు, కొన్ని చుక్కల మీద దిద్దించారు, కొన్ని కీబోర్డు మీద నొక్కించారు. తర్వాత మెదడు స్కాన్ తీస్తూ ఆ అక్షరాలే చూపించారు. చదివేటప్పుడు పనిచేసే భాగాలు, సొంతంగా రాసిన అక్షరాలకే బాగా చురుగ్గా కదిలాయి. దిద్దినవాటికీ, నొక్కినవాటికీ అంతగా లేదు. సొంతంగా రాస్తే వంకరగా వస్తుంది నిజమే. ఒకసారి లావుగా, ఒకసారి తలకిందులుగా వస్తుంది. ఆ వంకర అక్షరాలన్నీ ‘ర’నే అని తెలుసుకోవడంలోనే నేర్చుకోవడం ఉంది. దిద్దించడం పూర్తిగా మానెయ్యమనను. ఒకటి రెండుసార్లు దారి చూపించడానికి చాలు.

ఎడమ చెయ్యి గురించి. ఏ చెయ్యి వాటమో కొందరికి మూడేళ్ళకే తేలిపోతుంది, కొందరు ఐదేళ్ళదాకా రెండూ మారుస్తుంటారు. బలపం, చెంచా, బంతి, అన్నీ బాబుకి ఎదురుగా మధ్యలో పెట్టండి. ఏ చేత్తో తీసుకుంటాడో పదిహేను రోజులు చూడండి. ఎడమ చెయ్యే అయితే దాన్నే స్థిరపడనివ్వాలి. లాక్కుని కుడి చేతిలో పెడుతుంటే ఏ చెయ్యీ గట్టిపడదు, ఇప్పుడున్న ఇబ్బందిలో కొంత దీనివల్లే కావచ్చు. ఎడమ చేతి పిల్లలకు కాగితం ఒంటికి కాస్త ఎడమ పక్కగా, పై అంచు కొంచెం కుడికి వాలేలా పెడితే రాసినది చెయ్యి కింద దాక్కోదు. మీ అత్తగారితో వాదనకి దిగకండి. “అన్నం, ప్రసాదం కుడి చేత్తోనే నేర్పిద్దాం అత్తయ్యా, రాయడం మాత్రం వాడి వాటానికి వదిలేద్దాం” అంటే ఒప్పుకుంటారు. ఆవిడకి మనవడి మీద ప్రేమ లేక కాదు, నలుగురిలో మాట పడతాడని భయం. చిక్కుడుకాయలు, ముగ్గు, రవ్వపళ్ళెం ఆవిడకే అప్పగించండి. నాకు తెలిసి ఈ పనులకి నాన్నమ్మల కంటే మంచి టీచర్లు లేరు.

ఇక బడి. జాతీయ విద్యావిధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు మొత్తాన్ని ఒకే పునాది దశగా చూసింది. దానికోసం 2022 అక్టోబరులో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలు ఉండకూడదని చెప్పింది. ఆటలు, పాటలు, కథలు, చేతి పనులతోనే నేర్పమంది. 2021లో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కూడా అర్థం చేసుకుని చదవడం, రాయడం మూడో తరగతి పూర్తయ్యేలోపు రావాలని లక్ష్యం పెట్టుకుంది. ఎల్‌కేజీకి కాదు. అంటే బాబుకి ఇంకా చాలా సమయముంది. ఇవి తెలిసి ఉంటే మీకు ధైర్యం. అలాగని బడికెళ్ళి ఇవి చూపించి తగువు పెట్టుకోవద్దు. టీచర్ల మీద కూడా ఒత్తిడి ఉంటుంది. నిండిన కాపీలు చూపించకపోతే ఏమీ చెప్పడం లేదనే తల్లిదండ్రులు చాలామంది. నా మీదా ఆ ఒత్తిడి ఉండేది, పిల్లల చేతులు పట్టుకుని నేనూ పేజీలు నింపించాను. అందుకే నెమ్మదిగా, గట్టిగా ఒక్క మాట చెప్పండి. డైరీలో ఇలా రాయవచ్చు:

“టీచర్ గారికి నమస్కారం. బాబుకి రాత అంటే బాగా భయం పట్టుకుంది. ఈ నెలరోజులు ఇంట్లో రాత హోంవర్కు చేయించం. చేతికి బలం వచ్చే పనులు, ఆటలు చేయిస్తాం. వచ్చే నెల నుంచి రోజుకి ఒక లైను రాయిస్తాం. పేజీ ఖాళీగా ఉందని బాబుని ఏమీ అనవద్దని మనవి. ఏదైనా ఉంటే నాతో మాట్లాడండి. శనివారం వచ్చి కలుస్తాను.”

శనివారం తప్పకుండా వెళ్ళి కలవండి. తరగతిలో బాబు ఎలా కూర్చుంటున్నాడో అడగండి. బల్ల ఎత్తుగా ఉండి కాళ్ళు గాలిలో వేలాడుతుంటే ఏ పిల్లలకీ రాత కుదరదు. పాదాలు నేలకో చిన్న పీటకో ఆనాలి, బల్ల మోచేతుల ఎత్తులో ఉండాలి. ఎక్కువమంది టీచర్లు అర్థం చేసుకుంటారు. ఎంత చెప్పినా ఖాళీ పేజీకి పిల్లవాణ్ణి నిలబెట్టే బడి అయితే, వచ్చే ఏడాది వేరే బడి చూసుకోవడంలో తప్పులేదు.

నెల తర్వాత పెన్సిల్ ఇచ్చినప్పుడు కూడా ఐదు నిమిషాలు దాటించకండి. పొట్టి పెన్సిల్, గీతల్లేని తెల్లకాగితం. నాలుగు గీతల మధ్య ఇరికించడం ఐదు దాటాక చూసుకోవచ్చు. ఒక లైనులో ఏ అక్షరం బాగా వచ్చిందో వాడినే అడిగి దాని చుట్టూ సున్నా చుట్టించండి. మిగతావాటి గురించి మాట్లాడకండి.

డాక్టరుకి ఎప్పుడు చూపించాలో కూడా చెప్పాలి. రెండు మూడు నెలలు ఇలా చేసినా చేతిలో పట్టు రాకపోతే, వస్తువులు తరచూ జారిపోతుంటే, చేతులు వణుకుతుంటే, ఐదేళ్ళు వస్తున్నా సున్నా చూసి వెయ్యలేకపోతే, గుండీలు, చెంచా కూడా కష్టమవుతుంటే, మాటలు ఆలస్యమై ఉంటే, కాగితాన్ని కళ్ళకి మరీ దగ్గరగా పెట్టుకుంటే పిల్లల డాక్టరుకి చూపించండి. కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. జిల్లా స్థాయిలో ప్రభుత్వం నడిపే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లుంటాయి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అక్కడ ఉచితంగా చూస్తారు. మీ జిల్లాలో ఎక్కడుందో అంగన్‌వాడీ టీచర్ని గానీ ఆశా కార్యకర్తని గానీ అడిగితే చెబుతారు. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ చేతి పట్టు చూసి, ఇంట్లో చేసుకునే పనులు చెబుతారు. కానీ నాలుగేళ్ళకే డిస్‌గ్రాఫియా (రాయడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది) లాంటి పేర్లు ఎవరైనా తగిలిస్తే కంగారు పడకండి. ఆ మాట తేల్చి చెప్పే వయసు ఇంకా రాలేదు.

మీ ఆడపడుచు కూతురు వచ్చినప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి రాయించడం మాత్రం ఈరోజుతో ఆపెయ్యండి. ఇద్దరికీ కలిపి ఒక పెద్ద అట్టముక్క, రంగులు ఇచ్చి బయటికి పంపండి.

నెల తర్వాత నాకు మళ్ళీ రాయండి. బాబు నాన్నకి రాసిచ్చిన సరుకుల చీటీ ఏదైనా ఉంటే అది కూడా పంపండి, చెరపకుండా. తను చదివి చెప్పిన మాటలు కింద మీరు రాయండి.